ఉత్తరపు హద్దు

డీజిల్ వాసన తగిలితే ఆడవాళ్ళెవరైనా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు. నాకు మాత్రం ప్రాణం లేచొస్తుంది. మొన్న మాచర్ల రోడ్డు మీది బంకులో స్కూటీకి పెట్రోలు పోయించుకుంటుంటే, పక్కన నాపరాళ్ళ లారీ ఒకటి వచ్చి ఆగింది. ట్యాంకు మూత తీయగానే వాసన గుప్పుమంది. అంతే, అక్కడే నిలబడిపోయాను. వెనకనున్న కుర్రాడు హారన్ మీద హారన్ కొట్టి, "ఆంటీ, నిద్రపోతన్నారా ఏంది?" అని అరిచేదాకా కదల్లేదు. వాడికేం తెలుసు పాపం, ఆ నిమిషంలో నేను సరోజనమ్మ పెద్దమ్మ పక్కన నిలబడి ఉన్నానని! తలంటు పోసుకుని, గంజి పెట్టిన నూలుచీర కట్టుకుని, తలనిండా పూలు పెట్టుకుని వచ్చినా సరే, కాసేపటికి ఆవిడ దగ్గర డీజిల్ వాసనే వచ్చేది. ప్రతి బండి చుట్టూ ఒకసారి తిరిగి, టైరును కాలితో తన్ని చూడందే ఆవిడకు కాఫీ దిగేది కాదు.

మీరెవరూ ఆవిడను చూసి ఉండరు కాబట్టి చెబుతాను. మాచర్లలో క్వారీల నుంచి రాయి తోలే లారీల ఆఫీసు ఆవిడది. బోర్డు మీద పేరు భర్తది, నడిపేది ఆవిడ. పెద్దాయన మెత్తని మనిషి. పొద్దున్నే పేపరు పట్టుకుని కుర్చీలో కూర్చుంటే, చివరి పేజీ అయ్యేసరికి భోజనాల వేళయ్యేది. ఆవిడ మాత్రం పొట్టిగా, గట్టిగా ఉండేది. ఆ ఒంట్లో అంత గొంతు ఎక్కడ పట్టిందో దేవుడికే తెలియాలి. యార్డులో నిలబడి డ్రైవర్ని పిలిస్తే రోడ్డవతల టీకొట్టులో ఉన్న డ్రైవరు గ్లాసు పడేసి పరిగెత్తుకొచ్చేవాడు. పిల్లలు లేరు. బావగారి కొడుకు శ్రీనును చిన్నప్పటి నుంచీ తన దగ్గరే ఉంచుకుని పెంచింది. వాడు ఆవిడను పిన్నమ్మా అనేవాడు కానీ తల్లి కంటే ఎక్కువ.

మా నాన్న క్వారీలో రాయి కొట్టేవాడు. నేను డిగ్రీ పాసై ఇంట్లో కూర్చుంటే, "మా మల్లేశ్వరికి ఏదన్నా పని చూడమ్మా" అని వెళ్ళి అడిగాడు. "చూసేదేంది, రేపట్నుంచి రమ్మను" అంది. నా పని ఫోను దగ్గర. ఫలానా చోట లోడు ఉంది, బండి పంపండి అని రాళ్ళ వ్యాపారులు ఫోన్ చేస్తారు. బండి ఉంటే ఉందని, లేకపోతే లేదని చెప్పాలి. ఇంతోటి పని కూడా నాకు చేతకాలేదు. ఎవరితోనూ లేదు అనే మాట నోట రాదు. అందరికీ "చూస్తామండీ" అనేదాన్ని. మా వైపు ఆ మాట పెద్ద మాయదారి మాట. అనేవాడి మనసులో అది 'లేదు' అని, వినేవాడి చెవిలో 'వస్తుంది' అని. ఒకరోజు నా 'చూస్తామండీ' నమ్ముకుని ఒకాయన కూలీలను పెట్టుకుని పొద్దంతా ఎదురుచూశాడట. మర్నాడు ఆఫీసుకొచ్చి వీరంగం వేశాడు. పెద్దమ్మ ఆయన్ని కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, తప్పు మాదేనని చెప్పి పంపించి, తర్వాత నన్ను పిలిచింది.

"ఏమే, నిన్న ఆయనకేం చెప్పావు?"

"చూస్తామని చెప్పానండీ, అమ్మగారూ."

"చూశావా మరి?"

"బండ్లు లేవు కదండీ..."

"లేవని తెలిసే చూస్తామన్నావు. ఆ కూలోళ్ళు ఎండలో కూర్చుని రోడ్డొంక చూస్తా ఉన్నారు. వాళ్ళల్లో మీ నాయనుంటే ఏం చేసేదానివే?"

నాకు ఏడుపొచ్చేసింది. "ఏడవబాక. ఏడిస్తే బండి వచ్చిద్దా? లేకపోతే లేదని చెప్పు. వద్దంటే వద్దని చెప్పు. ఆ కాసేపు తిట్టుకుంటారు, తర్వాత వాళ్ళ దారి వాళ్ళు చూసుకుంటారు. ఇంకోటి, ఈ అమ్మగారూ గిమ్మగారూ ఏంది? నోరారా పెద్దమ్మా అను" అంది. ఆ వారమంతా నా కుర్చీ పక్కనే ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. ఫోనెత్తి నేను "చూ..." అనబోతే చాలు, మోచెయ్యి పైన నొక్కి గిల్లేది. నా చేతి మీద ఆ మచ్చలు చూసి మా అమ్మ, ఆఫీసులో దోమలు ఎక్కువా అని అడిగింది. అవునన్నాను, ఏం చేస్తాను!

నాకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, ఆఫీసు మాత్రం మారలేదు. శివరాత్రికి మా వాళ్ళు కట్టే ఎత్తైన దీపాల ప్రభ వెనకాల జనరేటరు మోసుకుంటూ మా లారీయే కోటప్పకొండకు పోయేది. ఆవిడ క్యాబిన్‌లో కూర్చుని, దారిపొడుగునా డ్రైవరు తోలకాన్ని తప్పుపడుతూ, మధ్యమధ్య "చేదుకో కోటయ్యా" అని కేక పెడుతూ వచ్చేది. ఒక్కసారి కూడా మెట్లు మానలేదు, మోకాళ్ళు అరిగేదాకా. ఆ అరిగిన ఏడాది మాత్రం మొదటి మలుపులోనే కూలబడింది. శ్రీను కంగారుపడిపోయి, కుర్చీ తెప్పించి నలుగురం మోసుకుపోదాం అన్నాడు. "ఛీ, నేనేమన్నా ప్రభనట్రా ఊరేగించటానికి?" అని కసిరింది. "ఎక్కగలిగినన్నాళ్ళు ఎక్కా. ఇంక కింద్నించే దణ్ణం పెట్టుకుంటా. ఆయన కొండ మీద నుంచి చూడలేడా ఏంది?" అక్కడే మెట్టు మీద కూర్చుని, కొండకేసి దణ్ణం పెట్టి, నా ఒళ్ళో సంచిలోంచి ఉడకబెట్టిన చిలగడదుంపలు తీసి తొక్క ఒలుచుకుంటూ, పైకి పోయే వాళ్ళందర్నీ పలకరించింది. మేం దర్శనం చేసుకుని దిగేసరికి ఆవిడ చుట్టూ పదిమంది చేరి నవ్వుతున్నారు. శ్రీను ముఖం మాత్రం దారంతా ముడుచుకునే ఉంది. పిన్నమ్మను మోసుకుపోలేకపోయానని వాడి బాధ. వాడు అలాంటి వాడు.

పెద్దాయనకు పక్షవాతం వచ్చినప్పుడు గుంటూరు ఆసుపత్రిలో చేర్చాం. డాక్టర్లది ఏ తప్పూ లేదు, ఆ మాట ముందే చెప్పాలి. వాళ్ళు బయటికొచ్చి ఇది చేయమంటారా అని అడిగిన ప్రతిసారీ, చేయండి, చేయండి అన్నది మేమే. పెద్దాయన్ని అడగటానికి లేదు. అడిగే రోజుల్లో ఎవరమూ అడగలేదు. గొంతులో గొట్టం పెట్టారు. ఆయన ఆ మగతలోనే దాన్ని పీక్కోబోతే, పీకేసుకుంటే ప్రమాదమని చేతులు రెండూ మంచానికి గుడ్డతో కట్టారు. పెద్దమ్మ లోపలికి వెళ్ళి చూసి వచ్చి, వరండాలో బల్ల మీద కూర్చుంది. ఆవిడ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. "చీమకు కూడా అపకారం చెయ్యలేదే ఆయన. చేతులు కట్టేశారే మల్లీ" అంది. ఆయన ఆ కట్లతోనే వారాలు గడిపి పోయారు. ఒక డాక్టరుగారు, పెద్ద వయసాయన, ఆవిడ పక్కన కూర్చుని, "ఏ వైద్యం కావాలో ఏది వద్దో మనిషి బాగున్నప్పుడే రాసిపెట్టుకోవచ్చమ్మా, ఇప్పుడు చట్టం ఒప్పుకుంటుంది. జీవన వీలునామా అంటారు" అని చెప్పారు. అది ఆవిడ చెవిలో పడి ఎంత లోపలికి పోయిందో నాకు పెద్దకర్మ అయిన తర్వాత తెలిసింది.

ఆ రోజు ఆఫీసు నిండా డ్రైవర్లు. వాళ్ళందరి మధ్యనుంచీ, "ఏమే మల్లీ, సోమవారం నరసరావుపేట పోవాల. వీలునామా రాయాల" అని కేకేసింది. జీవన అనే ముక్క వదిలేసింది. మా పల్నాడులో వీలునామా అంటే ఒకటే అర్థం, పొలం. సాయంత్రానికల్లా మాచర్ల అంతా తెలిసిపోయింది. ఏళ్ళతరబడి మొహం చూపించని ఆడపడుచు గోంగూర పచ్చడి జాడీతో దిగింది. ఎవరెవరో పెదనాన్న మనవలు, మేనత్త వియ్యంకులు వచ్చి ఆవిడ ఆరోగ్యం అడగటమే అడగటం. ఒకాయన ఆవిడ కళ్ళజోడు తుడిచి మరీ ఇచ్చాడు. పెద్దమ్మ ఆ సంబరమంతా కిమ్మనకుండా చూసింది, తెచ్చినవన్నీ సుబ్బరంగా తింది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక చెయ్యి కడుక్కుంటూ, "నేను రాయించేది పొలం సంగతి కాదు. నా చావు సంగతి. ఎట్టా పోవాలో రాయిస్తన్నా" అని చెప్పింది. "అయ్యో వదినా, అశుభం! దానిక్కూడా కాగితం ఎందుకు?" అని ఆడపడుచు చెవులు మూసుకుంది. పోతూ పోతూ జాడీ ఖాళీ చేసి ఇవ్వమంది. శ్రీను ఒక్కడే అన్నం ముందు నుంచి లేవకుండా తల వంచుకుని కూర్చున్నాడు. వాడు పొలం కోసం రాలేదు, అసలు వాడెక్కడికీ పోలేదుగా.

నరసరావుపేట కోర్టు వెనకాల రేకుల వసారాలో దస్తావేజులు రాసే ఒకాయన ఉండేవాడు. పెద్దమ్మ కుర్చీలో సర్దుకుని కూర్చునేలోపే ఆయన కలం పరుగెత్తింది. "నేను ఇష్టపూర్వకముగా, ఎవరి బలవంతమూ లేక, పూర్తి తెలివితో వ్రాయించిన వీలునామా" దాకా తనంతట తనే రాసేసి, "ఆస్తి వివరం చెప్పమ్మా" అన్నాడు.

"ఆస్తి నేనేనయ్యా."

"అదేలే అమ్మా, నీ పేరునున్నది చెప్పు."

"నా పేరున నేనే ఉన్నా. ఈ ఒళ్ళు. దీనికేం చెయ్యాల, ఏం చెయ్యగూడదు, అది రాయి."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని నా వంక చూశాడు. నేను తలూపాను. కాసేపు కలం నమిలి, "రాస్తాలే గానీ, హద్దులు చెప్పు తల్లీ. హద్దుల్లేకుండా ఇంతవరకూ నేను వీలునామా రాయలా. రేపు చెల్లదంటే నా పేరు పోద్ది" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు, కొంగు నోట్లో కుక్కుకున్నాను. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. ఆయన అన్నదాన్ని నిజంగానే ఆలోచించింది.

"మంచి మాట అన్నావయ్యా. హద్దుండాల. రాసుకో. తూర్పున, నా నోటితో నేను ముద్ద మింగి, మనుషుల్ని గుర్తుపట్టినన్నాళ్ళు ఏ వైద్యమైనా చేయించండి. సూదులు గుచ్చినా, కోసి కుట్టినా కాదనను. దక్షిణాన, తెలివి తప్పి, ఇంక తెలివి వచ్చేది లేదని డాక్టర్లు తేల్చితే, గొంతులో గొట్టం పెట్టొద్దు. గుండె ఆగితే గుద్ది లేపొద్దు."

"పడమర?" అన్నాడాయన, ఏ ఎకరం గురించో అడిగినట్టు.

"నొప్పి తెలవగూడదు. దానికి ఎంత మందైనా ఇయ్యండి." అక్కడ ఆగిపోయింది. ఒళ్ళో చేతులు చూసుకుని, "చేతులు కట్టొద్దు" అంది.

ఆయన పొందికగా 'చేతులు కట్టరాదు' అని రాసి, ఉత్తరం సంగతేంటన్నట్టు తలెత్తాడు. పెద్దమ్మ నా వైపు తిరిగింది. మా వైపు దస్తావేజుల్లో హద్దు అంటే ఎప్పుడూ బాటో, వాగో కానక్కర్లేదు. పక్క పొలం మనిషి పేరు కూడా హద్దే. ఆ మనిషి గట్టు జరపకుండా ఉంటేనే మన చేను మనకు మిగిలేది.

"ఉత్తరాన ఈ పిల్ల. ఎం. మల్లేశ్వరి. నాకు నోరు లేనప్పుడు నా మాట ఈ పిల్ల చెప్పిద్ది. రాసుకో" అంది. అప్పటికి నాకు కాళ్ళనొప్పులు కూడా మొదలయ్యాయి. పిల్లనట!

ఆ పక్క గదిలో నోటరీ లాయరుగారు ఆ కాగితం చదివి, నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, చట్టం ఒప్పుకునే పద్ధతిలో మళ్ళీ టైపు చేయించారు. ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించారు. ఒక ప్రతి ఆవిడకు వైద్యం చేసే డాక్టరుకు కూడా ఇమ్మన్నారు. హద్దుల మాటలు చివర్న ఉండి తీరాలని పెద్దమ్మ పట్టుబట్టింది, ఆయన ఉంచారు. తిరుగుదారిలో సగం దూరం దాకా నేను ఓర్చుకున్నాను. తర్వాత నా వల్ల కాలేదు. "శ్రీను ఉండగా నన్నెందుకు పెట్టావు పెద్దమ్మా? వాడు కొడుకులాంటోడు. రేపు నేను ఊళ్ళో తిరగాలా వద్దా?" అని గట్టిగానే అన్నాను.

"వాడికి నేనంటే పిచ్చి ప్రేమే. వాడు వద్దనలేడు. మోసుకుపోదామంటాడు."

"నాకు లేదా ప్రేమ?"

"ఎందుకు లేదూ, చానా ఉంది." కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ అంది. "కానీ నీకు గిల్లి గిల్లి నేర్పా గదే."

కొన్నేళ్ళు మామూలుగా గడిచాయి. ఒక ఉదయం యార్డులో క్లీనర్ని తిడుతూ తిడుతూ, మాట మధ్యలో ఒరిగిపోయింది. మెదడులో రక్తం చిమ్మిందన్నారు. మళ్ళీ గుంటూరే. దక్షిణపు హద్దు చేరేదాకా చేయాల్సిన వైద్యమంతా చేయించాం. రోజులు గడిచినా కళ్ళు తెరవలేదు. కాగితం చూశాక అక్కడి డాక్టర్లు ఒక బోర్డుగా కూర్చున్నారు, తర్వాత బయటి డాక్టర్లతో ఇంకో బోర్డు కూర్చుంది. తెలివి వచ్చేది లేదని రెండు బోర్డులూ అదే మాట రాశాయి. ఇంతలో ఊపిరి తగ్గిపోసాగింది. శ్రీను వరండాలో నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అక్కా, గొట్టం వేయిద్దాం. నాలుగు రోజులు చూద్దాం. నాలుగు రోజులేగా? పెంచుకున్న కొడుకే పొమ్మన్నాడంటారు ఊళ్ళో. నేనేం మొహం పెట్టుకుని తిరగను?"

వాడి కళ్ళలోకి చూడలేకపోయాను. అప్పుడే డాక్టరమ్మ బయటికొచ్చింది, మా అమ్మాయంత ఉంటుంది. "మల్లేశ్వరి గారంటే మీరేనా? గొట్టం వేయమంటారా, వద్దంటారా? ఇప్పుడే చెప్పాలమ్మా" అంది. నా నాలిక చివర 'చూద్దామండీ' ఉంది. చెప్పకేం, ఉంది. చూద్దామంటే శ్రీను ఊరుకుంటాడు, ఊరు ఊరుకుంటుంది, అందరికంటే ముందు నేను ఊరుకుంటాను. తలుపు సందులోంచి పెద్దమ్మ చెయ్యి కనిపించింది, మంచం అంచు మీద, ఏ కట్టూ లేకుండా.

"వద్దండి" అన్నాను. డాక్టరమ్మకు వినపడక మళ్ళీ అడిగింది. "వద్దు. గొట్టం వద్దు. నొప్పి లేకుండా చూడండి" అన్నాను, ఈసారి వరండా చివరిదాకా వినిపించేలా. శ్రీను గోడకు జారబడి కింద కూర్చుండిపోయాడు. పిన్నమ్మా, పిన్నమ్మా అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆయాసం తెలియకుండా మందు ఇచ్చి మమ్మల్ని లోపలికి పంపారు. ఒక చెయ్యి వాడు పట్టుకున్నాడు, ఒక చెయ్యి నేను. మర్నాడు మధ్యాహ్నం దాకా ఉంది. ముఖంలో కష్టం లేదు. ఒక ఊపిరి తీసుకుంది, ఇంకోటి తీసుకుంటుందని మేం చూస్తూ ఉన్నాం.

ఊరు ఊరుకోలేదు. ఆడపడుచు నన్ను ఇంట్లోకి రానివ్వొద్దంది. కూలి మనిషి కూతురు రాజ్యం చేసిందన్నారు. ఇవన్నీ నేను పడ్డాను, పడగలిగాను. శ్రీను ఏడాది పాటు నాతో మాట్లాడకపోవటమే పడలేకపోయాను. ఆఫీసు ఇప్పుడు వాడిదే, నేను ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నాను. ఆ ఏడాదంతా ఏం కావాలన్నా డ్రైవర్లతో చెప్పి పంపేవాడు. మొదటి సంవత్సరికం అయిన సాయంత్రం తనంతట తనే మా ఇంటికొచ్చాడు. మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టకుండా అలాగే పట్టుకుని, "అక్కా, నిజం చెప్పు. గొట్టం వేయించి ఉంటే ఇంకో నాలుగు రోజులన్నా ఉండేదిగా?" అని అడిగాడు.

ఉండేది కాదురా అని చెబితే వాడు తేలిక పడేవాడు. నేనూ పడేదాన్ని. "ఉండేదిరా" అన్నాను. ఇద్దరం చాలాసేపు ఏడ్చాం. తర్వాత లేచి అన్నం పెట్టాను, తిన్నాడు.

అప్పటి నుంచి వాడు ఎప్పుడొచ్చినా, వెళ్ళబోయే ముందు ఆ మాట ఒక్కసారి అడుగుతాడు. నేను అదే జవాబు చెబుతాను. వాడికి ఇంతవరకూ చెప్పనిది ఒకటుంది. ఆ నాలుగు రోజులు నాక్కూడా కావాల్సినవే. ఇప్పటికీ కావాలి. రేపు మళ్ళీ ఆ డాక్టరమ్మ వచ్చి అడిగినా, వద్దండి అనే చెబుతాను.